చీటీ రాని అరవై రోజులు

పలమనేరు చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా పొద్దున ఆరు గంటలకు పాల కేంద్రం దగ్గర నిలబడితే ఒక పంచాయితీ వినపడుతుంది. క్యాన్‌లో పాలు కలియబెట్టి, కాసిని తీసి చిన్న సీసాలో పోసి మెషీన్ కింద పెడతారు. కాసేపట్లో చీటీ బయటికి వస్తుంది. ఎన్ని లీటర్లు, ఫ్యాట్ అంటే వెన్న ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న కాక మిగిలిన గట్టి పదార్థం ఎంత, రేటు ఎంత. "ఏంరా అబ్బోడా, నిన్న సాయంత్రం నాలుగు వచ్చిందే, ఈ పొద్దు మూడున్నర చూపిస్తా ఉండాదే?" అని పెద్దాయన అడుగుతాడు. "మెషీన్ చూపించిందే గదా మామా నేను చెప్పేది" అంటాడు లోపలున్న పిల్లోడు. వెనకాల నిలబడినవాళ్లు నవ్వుకుంటారు. ఎందుకంటే రేపు వాళ్లూ ఇదే మాట అడుగుతారు.

మెషీన్ ఎప్పుడూ తప్పు చూపదని కాదు. కానీ ఈ తేడాకు కారణం చాలాసార్లు మెషీన్‌లో ఉండదు. సాయంత్రం నాలుగుకు పితికి, మళ్లీ పొద్దున ఐదుకు పితికితే మధ్యలో పదమూడు గంటలు గడుస్తాయి. పగటి ఎడం పదకొండు గంటలే. ఎడం ఎక్కువైన పూట పాలు ఎక్కువ, ఫ్యాట్ తక్కువ. ఎడం తగ్గిన పూట దానికి తిరగబడుతుంది. ఇంకోటి, పితికేటప్పుడు మొదటి ధారల్లో వెన్న బాగా తక్కువ, చివరి ధారల్లో బాగా ఎక్కువ. దూడకని చివర కొంచెం వదిలేస్తే చిక్కటి పాలు దూడ తాగుతుంది, పలచటివి క్యాన్‌లోకి వెళ్తాయి. ఇది తెలిసిన ఇళ్లలో దూడను ముందు విడిచి, నాలుగు ధారలు తాగాక లాగేసి కట్టేస్తారు. అంటే చీటీ మీద అంకె దూడ తాగే పాలను కూడా నిర్ణయిస్తోంది. పాడి ఇళ్లలో పశువుకు అందే శ్రద్ధ అంతా ఈ చీటీ చుట్టూ ఎలా తిరుగుతోందో ఇక్కడే తెలిసిపోతుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వాన ముఖం చాటేసి చెనక్కాయ దెబ్బతిన్న ఏళ్లలో ఇల్లు గడిపింది పాల డబ్బే. ఒకప్పుడు సహకార రంగంలో వెలిగిన చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. ప్రైవేటు డెయిరీలు ఊరూరా కేంద్రాలు పెట్టాయి. 2023 జూలైలో అదే చిత్తూరు డెయిరీ స్థలంలో అమూల్‌కు శంకుస్థాపన జరిగింది. కొనేవాళ్లు మారినా కొలిచే పద్ధతి మారలేదు. ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, లీటర్లు. కాబట్టి చీటీ వచ్చే ఆవుకు దాణా పడుతుంది. చీటీ రాని ఆవుకు, అంటే వట్టిపోయిన చూడి ఆవుకు, దూడకు, పెయ్యకు, మిగిలింది పడుతుంది. చిక్కేమిటంటే ఆవు ఒంట్లో లెక్క చీటీతో మొదలవదు. చీటీ రాని రోజుల్లోనే మొదలవుతుంది.

ముందు చీటీ సంగతే చూద్దాం. దాన్ని డబ్బు కాగితంగా మాత్రమే చూడటం వల్ల చాలా పోతోంది. సరిగ్గా చదివితే అది రోజుకు రెండుసార్లు ఉచితంగా అందే వైద్య పరీక్ష రిపోర్టు.

ఆవు తిన్నది నేరుగా ఆవుకు చేరదు. పెద్ద పొట్టలో, అంటే నెమరు పొట్టలో, వంద లీటర్లకు పైగా పట్టే తొట్టి లాంటి చోట, కోట్లాది సూక్ష్మజీవులు ముందు తింటాయి. గడ్డిలోని పీచును అవి పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. ఆవు బతికేది ఆ ఆమ్లాల మీద. వాటిలో ఒకటి అసిటిక్ ఆమ్లం, మనం పచ్చళ్లలో వాడే వెనిగర్‌లో ఉండేదే. పాలలోని వెన్నలో దాదాపు సగం పొదుగులోనే ఇలాంటి ఆమ్లాల నుంచి తయారవుతుంది. పీచు తగ్గితే అసిటిక్ ఆమ్లం తగ్గుతుంది, వెన్న తగ్గుతుంది. అందుకే ఫ్యాట్ పడిపోయిందని ఇంకో కిలో దాణా పెంచిన ఇంట్లో ఫ్యాట్ ఇంకా పడిపోతుంది. చాలామందికి మింగుడుపడని సంగతి ఇదే. దాణా పాల కొలతను పెంచుతుంది గానీ వెన్నను నిలబెట్టేది పీచు. వరిగడ్డి, రాగిగడ్డి, చెనక్కట్టె, కాండం ముదిరిన మొక్కజొన్న చొప్ప, ఇవీ పీచు ఇచ్చేవి.

ఎస్‌ఎన్‌ఎఫ్ ఇంకో కథ చెబుతుంది. అందులో ప్రొటీన్, పాల చక్కెర, లవణాలు ఉంటాయి. ఆవుకు శక్తి చాలనప్పుడు ప్రొటీన్ తగ్గి ఎస్‌ఎన్‌ఎఫ్ పడుతుంది. ఒట్టి వరిగడ్డి మీద బతికే ఆవుకు ఫ్యాట్ పర్వాలేదనిపించి ఎస్‌ఎన్‌ఎఫ్ ఎనిమిది దాటకపోవడానికి కారణం ఇదే. మేత మారకపోయినా ఎస్‌ఎన్‌ఎఫ్ ఉన్నట్టుండి తగ్గితే పొదుగును అనుమానించాలి. పైకి వాపు, గడ్డలు ఏమీ కనపడని పొదుగు వాపు వ్యాధిలో పాల చక్కెర తగ్గుతుంది. నీళ్లు కలిపినా ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గుతుంది కాబట్టి కేంద్రంవాళ్లు మొదట అటే చూస్తారు. నీళ్లు కలపని రైతుకు రోషం వస్తుంది, ఆ రోషంలో పొదుగు మాట మరుగున పడుతుంది. ఈనిన మొదటి రెండు మూడు వారాల్లో ఫ్యాట్ విపరీతంగా వస్తే సంతోషించాల్సిన పని లేదు. మేత చాలక ఆవు తన ఒంటి కొవ్వు కరిగించి పాలలోకి పంపుతోందని దాని అర్థం. డొక్కలు లోపలికి పోతాయి, నడుం ఎముకలు తేలుతాయి, దాణా ముట్టకుండా గడ్డి మాత్రం కొరుకుతుంది. కీటోసిస్ అనే జబ్బుకు ఇది ముందు మెట్టు.

పెద్ద పొట్టలో పులుపు హద్దు దాటకుండా కాచేది ఆవు జొల్లే. రోజుకు వంద లీటర్లకు తగ్గకుండా ఊరుతుంది, అందులో సహజమైన సోడా ఉంటుంది. జొల్లు బాగా ఊరాలంటే నెమరు వేయాలి, నెమరు వేయాలంటే నమలడానికి పొడుగాటి పీచు ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. మధ్యాహ్నం కొట్టంలోకి వెళ్లి చూస్తే పడుకున్న ఆవుల్లో సగానికి పైగా దవడలు ఆడిస్తూ ఉండాలి. లేదంటే మేతలో ఎక్కడో తేడా ఉంది. దీనికి మెషీన్ అక్కర్లేదు.

ఈ పొట్ట సంగతి తెలియక చేసే ఉపకారం తిరుపతిలో రోజూ కళ్లబడుతుంది. ఊళ్లో తిరిగే ఆవులకు అన్నం పెట్టడం పుణ్యమని భక్తుల నమ్మకం. అరటిపండ్లు, బెల్లం, అన్నం, పొంగలి. ఒకటి రెండు అరటిపండ్లతో ఏమీ కాదు. కల్యాణ మండపం వెనక మిగిలిన అన్నం బకెట్లతో గుమ్మరిస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఉడికిన అన్నం పీచు లేని పిండి. పెద్ద పొట్టలో గంటల్లో పులిసి లాక్టిక్ ఆమ్లం పొంగుతుంది. పీచు తినే సూక్ష్మజీవులు ఆ పులుపుకు చచ్చిపోతాయి. ఆవు నెమరు మానేస్తుంది, ఎడమ డొక్కలో చెయ్యి పెడితే నీళ్ల తిత్తి లాగా కదులుతుంది, పుల్లటి వాసనతో పలచగా పేడ వేస్తుంది, తూలుతుంది. బతికి బట్టకట్టినా కొన్ని వారాలకు గిట్టలు నొచ్చి కుంటుతుంది. ఆ కుంటుకూ ఆ పెళ్లి భోజనానికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు. అన్నాన్ని కవర్లో మూటగట్టి విసిరితే కవరు కూడా లోపలికే. లోపలికి పోయిన ప్లాస్టిక్ అరగదు, బయటికీ రాదు. ఏళ్ల తరబడి పోగై ముద్దకడుతుంది. ఆవుకు ఏదైనా పెట్టాలనుకునే భక్తుడు ఒక కట్ట పచ్చిగడ్డి కొంటే చాలు.

పల్లెల్లో ఇదే ప్రమాదం వేరే రూపంలో వస్తుంది. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయినప్పుడు టమోటా రోడ్డు పక్కన పారబోస్తారు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తొక్క, టెంక ట్రాక్టర్లలో వస్తుంది. రెండూ పనికిరానివి కావు, కరువులో చాలా ఇళ్లను ఆదుకున్నవే. టమోటాలో తొంభై శాతానికి పైగా నీళ్లే, దానితో కడుపు నిండినట్టు ఉంటుంది గానీ బలం చేరదు. మామిడి తొక్కలో చక్కెర ఎక్కువ, రెండు రోజులు కుప్పలో ఉంటే పులిసి సారా వాసన వస్తుంది. కొత్త మేత ఏదైనా వారం పది రోజులు కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే పొట్టలోని సూక్ష్మజీవులు సర్దుకుంటాయి. ఒక్కసారిగా తొట్టి నింపితే సర్దుకోలేవు. ఈ ఒక్క నియమం చాలా డాక్టర్ ఫీజులను మిగులుస్తుంది.

ఇక మేత లెక్క. నాలుగు వందల కిలోల బరువున్న సంకర ఆవు పూటకు ఆరు లీటర్ల చొప్పున పన్నెండు లీటర్లు ఇస్తోందనుకుందాం. నీటి శాతం తీసేస్తే దానికి రోజుకు సుమారు పన్నెండు కిలోల పొడి మేత కావాలి. ఇరవై కిలోల పచ్చిగడ్డి, నాలుగు కిలోల ఎండుమేత, ఐదు కిలోల దాణా వేస్తే ఆ లెక్కకు సరిపోతుంది. ఇప్పుడు ఎక్కడ చూసినా సూపర్ నేపియర్ గడ్డే. బోరు కింద పావు ఎకరం వేసుకుంటే మేతకు వెతుక్కునే పని లేదన్న ధీమా దానిది. కానీ అందులో ఎనభై శాతం నీళ్లే. ముప్పై కిలోల నేపియర్ వేశామంటే ఇరవైనాలుగు కిలోల నీళ్లు, ఆరు కిలోల మేత వేసినట్టు. లేతగా కోస్తే ఆక్సలేట్లు ఎక్కువగా ఉండి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. బాగా ముదరనిస్తే కాండం ఆవు వదిలేస్తుంది. చాఫ్ కట్టర్ ఉన్న ఇంట్లో వృథా తగ్గుతుంది గానీ మరీ పొడిలాగా నరికితే నెమరుకు పీచు మిగలదు.

ఈ ప్రాంతానికి ప్రకృతి ఇచ్చిన మంచి మేత చెనక్కట్టె. పప్పుజాతి కాబట్టి వరిగడ్డికన్నా ప్రొటీన్ ఎంతో ఎక్కువ, కాల్షియమూ ఎక్కువే. చిక్కల్లా కాయ పీకే రోజుల్లో పడే వానతో. తడిసిన కట్టెను అట్లే వామి వేస్తే లోపల బూజు పడుతుంది. బూజు పట్టిన చెనక్కాయ చెక్కలో, గింజలో పెరిగే అఫ్లటాక్సిన్ అనే విషం ఆవు కాలేయాన్ని దెబ్బతీయడమే కాదు, పాలలోకీ దిగుతుంది. వామిలో చెయ్యి పెడితే వేడిగా తగిలి ముక్క వాసన వస్తే పశువుకు వేయకుండా ఎరువుకు పంపడం మేలు. ఒట్టి వరిగడ్డి తప్ప దిక్కులేని ఇళ్లకు పాత ఉపాయం ఒకటి ఉంది. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా యాభై లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి పోకుండా పట్టా కప్పి మూడు వారాలు మాగబెట్టడం. యూరియాను నేరుగా కుడితిలో కలిపితే విషమే కాబట్టి ఈ పని ఒకసారి చూసి నేర్చుకోవాలి.

నీళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. పాలలో 87 శాతం నీళ్లే. పాలిచ్చే ఆవుకు రోజుకు డెబ్బై, ఎనభై లీటర్లు కావాలి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. పూటకో బకెట్ కుడితి చూపించి కట్టేసే ఇంట్లో పాలు ఎందుకు తగ్గాయని వెతకక్కర్లేదు. పలుపు అందేంత దూరంలో రోజంతా నీళ్లుండే తొట్టి కట్టిస్తే మందుల షాపులో దొరికే ఏ టానిక్కన్నా ముందు ఫలితం కనిపిస్తుంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి. పలమనేరు, కుప్పం వైపు సముద్ర మట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తు, రాత్రిళ్లు చల్లబడతాయి. అందుకే హెచ్‌ఎఫ్, అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే చలిదేశపు జాతి, సంకర ఆవులు అక్కడ నిలదొక్కుకున్నాయి. అదే ఆవును కొని శ్రీకాళహస్తి పక్కకో, తిరుపతి కిందికో తెస్తే మే నెలలో నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పే ఆవు జొల్లు నేలపాలవుతుంది, దానితో పాటు పొట్టలో పులుపును విరిచే సోడా కూడా. పైగా ఎండకు గడ్డి మానేసి దాణా మాత్రం తింటుంది. ఫ్యాట్ పడుతుంది. ఎండాకాలం చీటీలో కనపడే ఆ తగ్గుదల ఎండదే గానీ పిల్లోడిదీ కాదు, మెషీన్‌దీ కాదు. రేకుల కప్పు కింద కట్టేసి ఫ్యాన్ పెట్టడం కన్నా చెట్టు నీడ చల్లన. ఎండుమేతను రాత్రి తొమ్మిదికి వేస్తే, అది అరిగేటప్పుడు పుట్టే వేడి చల్లటి వేళకు పడుతుంది.

ఈ ఎండకు పుట్టిన ఆవు ఇక్కడే ఉంది. పుంగనూరు ఆవు సుమారు మూడడుగుల ఎత్తే, తక్కువ మేతతో, గట్టి గడ్డితో బతుకుతుంది, పాలు కొంచెమే అయినా చిక్కన. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని కాపాడుతూ వస్తున్నారు. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో ఈ ఆవుల ఫొటోలు వచ్చాక మోజు ఇంకా పెరిగింది. అపార్టుమెంటు హాల్లో టైల్స్ మీద పుంగనూరు ఆవును తిప్పే వీడియోలు కూడా వస్తున్నాయి. నున్నటి నేల మీద ఏ ఆవు గిట్టా నిలవదు, పొట్టిదైనా నెమరు వేసే పశువే, దానికీ గడ్డి, మట్టి, తోడు కావాలి. మోజు తీరాక ఆ ఆవు ఎక్కడికి పోతుందన్నది ఆ వీడియోల్లో ఉండదు.

ఇప్పుడు చీటీ రాని రోజుల దగ్గరికి వద్దాం. ఆవు చూడి 280 రోజులు అటూ ఇటూగా. ఏడు నెలలు నిండాక పితకడం ఆపి రెండు నెలలు విడవాలి. ఈ అరవై రోజుల్లో పొదుగు కణాలు అరిగిపోయి కొత్తవి వస్తాయి. కడుపులో దూడ బరువులో మూడింట రెండు వంతులు ఈ చివరి రోజుల్లోనే పెరుగుతుంది. అంటే ఆవుకు తిండి అవసరం పెరిగే కాలమిది. జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాలు లేవు, చీటీ లేదు, కాబట్టి దాణా ఆగిపోతుంది. పక్క తొట్టిలో పాలిచ్చే ఆవు మిగిల్చిన కాడలు దీని ముందు పడతాయి. కొన్ని ఇళ్లలో ఇంకో తప్పు జరుగుతుంది. లీటరో, లీటరున్నరో వస్తోంది కదా అని ఈనే నెల దాకా పితుకుతూనే ఉంటారు. ఆ లీటరున్నరకు వచ్చే డబ్బు కనపడుతుంది, ఈనాక తగ్గే పాలు కనపడవు.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. అరవై రోజులు రోజుకు రెండు కిలోల దాణా వేస్తే మొత్తం నూట ఇరవై కిలోలు, అంటే యాభై కిలోల సంచులు రెండున్నర. ఈనాక ఆవు గరిష్ఠంగా ఇచ్చే పాలు రోజుకు ఒక్క లీటరు పెరిగితే ఆ ఈతలో మొత్తం మీద సుమారు రెండు వందల లీటర్లు పెరుగుతాయన్నది పాడి శాస్త్రంలో మామూలు లెక్క. కొత్తగా ఈనిన ఆవుకు మేత దండిగా పెట్టి పాలు లాగుదామంటే కుదరదు. ఈనిన వారాల్లో ఆకలి తక్కువ, పాలు ఎక్కువ. ఒంట్లో దాచుకున్నదే అప్పుడు ఖర్చవుతుంది. దాచుకోవడానికి సమయం చూడితో ఉన్నప్పుడే.

ఈనిన రాత్రి వచ్చే పాల జ్వరం కూడా ఈ అరవై రోజుల కథే. పేరుకే జ్వరం, ఒళ్లు వేడెక్కదు సరికదా చెవులు చల్లబడతాయి. మూడో ఈతో, నాలుగో ఈతో అయిన మంచి పాడి ఆవు ఈనిన ఒకటి రెండు రోజుల్లో లేవలేక కూలబడుతుంది. మెడ ఒక పక్కకు తిప్పి డొక్కకు ఆనించుకుంటుంది. ముక్కు ఆరిపోతుంది, పేడ ఆగిపోతుంది. ఆవు రక్తంలో ఏ క్షణానైనా తిరిగే కాల్షియం మొత్తం మూడు గ్రాములకు అటూ ఇటూ. ఒక్క లీటరు ముర్రుపాలలోనే రెండు గ్రాములకు పైగా కాల్షియం వెళ్లిపోతుంది. పది లీటర్లు పితికితే ఏం మిగులుతుంది? ఎముకల్లోంచి తోడుకోవాలి. ఆ తోడే పని అలవాటు తప్పిన ఆవు పడిపోతుంది. డాక్టరు వచ్చి నరానికి కాల్షియం మెల్లగా ఎక్కిస్తే, సీసా ఖాళీ అయ్యేలోపే ఆవు తేపు వదిలి, పేడ వేసి లేచి నిలబడుతుంది. చూసినవాళ్లకు మాయలా ఉంటుంది. అదే కాల్షియాన్ని తెలియనివాళ్లు గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అందుకే ఇది సొంత వైద్యానికి తావులేని జబ్బు. పశువుల అంబులెన్స్‌కు 1962 నంబరు ఉంది, అర్ధరాత్రి దగ్గర్లో డాక్టరెవరో ముందే తెలిసి ఉండటం ఇంకా మంచిది.

తమాషా ఏమిటంటే, పాల జ్వరం వస్తుందేమోనన్న భయంతో చూడి చివరి నెలలో కాల్షియం టానిక్ సీసాలు తాగించే ఇళ్లున్నాయి. నోటి నుంచి కావలసినంత వస్తుంటే ఒళ్లు ఎముకల్లోంచి తోడే పనిని పక్కన పెట్టేస్తుంది. ఈనగానే అవసరం ఉన్నట్టుండి పెరిగితే ఆ తోడే పనిని ఒక్కసారిగా మొదలుపెట్టలేదు. చివరి రెండు మూడు వారాల్లో కాల్షియం ఎక్కువుండే మేతలు, మన చెనక్కట్టెతో సహా, కొంచెం తగ్గించి, ఈనిన వెంటనే కాల్షియం ఇవ్వడం సరైన వరస. ఒకసారి పడిపోయిన ఆవు వచ్చే ఈతలోనూ పడిపోయే అవకాశం ఉంది. దాన్ని మొదటి రెండు రోజులు పొదుగు పూర్తిగా ఖాళీ చేయకుండా పితకాలి.

ఈనిన ఇంట్లో ఇంకో మాట వినపడుతుంది. "మాయ పడేదాకా పాలు తీయగూడదు, దూడకు తాపగూడదు." పెద్దవాళ్లు గట్టిగా చెప్పే మాట, దూడల ప్రాణాలు తీసే మాట. మనిషి బిడ్డకు తల్లి రక్షణ కడుపులోనే కొంత అందుతుంది. దూడకు అలా అందదు. మాయ గుండా ప్రతిరక్షకాలు దాటవు. మొత్తం ముర్రుపాలతోనే రావాలి. వాటిని దూడ పేగు యథాతథంగా పీల్చుకోగలిగేది తొలి గంటల్లోనే. గంట గడిచేకొద్దీ ఆ దారి మూసుకుంటూ, ఒక రోజుకు పూర్తిగా మూతపడుతుంది. ముప్పై కిలోల దూడకు మొదటి రోజు మూడు లీటర్లు కావాలి, అందులో సగమైనా పుట్టిన రెండు గంటల్లోపు. మాయ పన్నెండు గంటలకు పడుతుందనుకుంటే అప్పటికి సగం కాలం దాటిపోయినట్టే. దూడ చీకితే ఆవు ఒంట్లో విడుదలయ్యే హార్మోనే గర్భసంచిని ముడుచుకునేలా చేసి మాయ పడటానికి సాయపడుతుంది కూడా. మాయకు చెప్పో రాయో వేలాడదీయడం, చేత్తో లాగడం గర్భసంచికి పుండు చేస్తాయి. పన్నెండు గంటలు దాటితే డాక్టరుకు చెప్పాలి. జున్ను వండుకోవడం మానాల్సిన పని లేదు. పది లీటర్ల ముర్రుపాలు ఏ దూడా తాగలేదు. వరస మాత్రం దూడ ముందు, జున్ను తర్వాత.

దూడకు పదో రోజు నుంచి నట్టల మందు మొదలుపెట్టి ఆరు నెలల దాకా నెలనెలా తాపిస్తారు. పెయ్య దూడకైతే ఇదంతా జరుగుతుంది. కోడె దూడ సంగతి ఎవరూ మాట్లాడని సంగతి. దుక్కి ట్రాక్టరుది, బండి ఆటోది. సంకర కోడెకు పని లేదు. పాలు తాపడం దండగ అనిపించి నెల తిరక్కుండానే సన్నబడుతుంది, సంతకో రోడ్డుకో చేరుతుంది. ఊళ్లో కవర్లు నమిలే పశువుల్లో ఇవీ ఉంటాయి. లింగ నిర్ధారిత వీర్యంతో సూది వేయిస్తే పదిలో తొమ్మిది పెయ్యలే పుట్టే అవకాశం ఉంది. సమస్యను పుట్టకముందే తగ్గించే మార్గం ప్రస్తుతానికి ఇదొక్కటే. పుట్టిన కోడెలకు ఈ మార్గం ఏమీ చేయదు.

టీకాల విషయంలోనూ చీటీ అడ్డం వస్తుంది. 2019 నుంచి గాలికుంటుకు ఆరు నెలలకోసారి ఉచిత టీకా జాతీయ కార్యక్రమంగా నడుస్తోంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు, చూడి పోయేలా చేసే బ్రూసెల్లా జబ్బు రాకుండా, టీకా ఒక్కసారి వేస్తారు. టీకా వేసిన ఆవుకు రెండు రోజులు ఒళ్లు వెచ్చబడి పాలు కొంచెం తగ్గవచ్చు. ఆ రెండు రోజుల చీటీ చూసుకుని కొందరు డాక్టరు వచ్చినప్పుడు పాలావును పొలానికి తోలేస్తారు, వట్టి ఆవునే చూపిస్తారు. గాలికుంటు వస్తే నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి వారాల తరబడి పాలు పోతాయి. కోలుకున్నా ఎండకు రొప్పే గుణం ఉండిపోతుంది. 2022లో దేశాన్ని కుదిపిన ముద్ద చర్మ వ్యాధి ఈగలు, దోమలు, పిడుదుల ద్వారా వ్యాపించింది. పేడదిబ్బ కొట్టానికి ఎంత దూరంలో ఉందన్నది ఆ జబ్బుకు టీకాతో పాటు లెక్కకు వస్తుంది.

పొదుగు వాపుకు ఒక్క అలవాటు చెప్పుకుంటే చాలు. పితికాక అరగంట దాకా చన్ను రంధ్రం తెరుచుకునే ఉంటుంది. ఆ అరగంట ఆవు పేడలో పడుకోకుండా నిలబడాలి. తొట్టిలో మేత పితికే ముందు కాకుండా పితికాక వేస్తే ఆవు తనంతట తనే నిలబడి తింటుంది. వాపు వచ్చి యాంటీబయోటిక్ వేయించినప్పుడు డాక్టరు చెప్పిన అన్ని రోజులూ ఆ పాలు కేంద్రానికి పోయకూడదు. ఊళ్లో ఫ్యాట్ చూసే మెషీన్ దాన్ని పట్టుకోలేదు. చీటీ మామూలుగానే వస్తుంది.

కనుమ నాడు ఈ జిల్లా పల్లెల్లో ఒక పని చేస్తారు. అడవికి పోయి మద్ది, నేరేడు లాంటి మాన్ల చెక్క తెచ్చి, ఉప్పు కలిపి రోట్లో దంచుతారు. దాన్ని ఉప్పుచెక్క అంటారు. వగరు, చేదు, ఉప్పు. పశువులకు ఏ మాత్రం ఇష్టముండదు. ఒక్కోదాని నోరు తెరిచి చారెడు పోసి నోరు మూసి పట్టుకుంటారు. ఉప్పు లేమి తీరడానికి, కడుపులో పురుగు పోవడానికి పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు అది. ఏడాదికొకసారి చాలదన్నది నిజమే, పెద్ద ఆవుకు రోజుకు ముప్పై గ్రాముల ఉప్పు, యాభై గ్రాముల ఖనిజ మిశ్రమం కావాలి. కానీ ఆ రోజు కొట్టంలో ఒక్క పశువునూ వదలరు. పాలావు, వట్టావు, చూడి పెయ్య, పనికిరాని కోడె, అన్నిటి నోట్లోనూ అదే చారెడు పడుతుంది. మర్నాడు ఖనిజ మిశ్రమం డబ్బా మళ్లీ పాలావు తొట్టి పక్కనే ఉంటుంది.